కుందేలు ఎముకలో ఇరుక్కున్న గొట్టం

కుందేలు ప్రాణంతో ఉండగానే దాని కాలి ఎముకలో నెత్తురు ఎలా పారుతుందో చూడాలన్నది వైద్య పరిశోధకుడు పెర్-ఇంగ్వర్ బ్రోనెమార్క్ పట్టుదల. 1950ల్లో స్వీడన్‌లోని లుండ్‌లో మొదలైన పరిశోధన అది. టైటానియంతో సన్నటి గొట్టం చేయించి, ఎముకలో అమర్చి, అందులోంచి సూక్ష్మదర్శినితో చూసేవాడు. నెలలు గడిచాయి. చూడాల్సింది చూశాక, ఖరీదైన సరుకు కదా, తీసి ఇంకో కుందేలుకు వాడదామనుకున్నాడు. అది ఊడి రాలేదు. ఎముక దాని చుట్టూ పెరిగి కరుచుకుపోయింది.

ఇంకొకరైతే పరికరం పాడైందని విసుక్కుని వదిలేసేవారు. ఈయన అక్కడే ఆగి ఆలోచించాడు. కాల్లో ముల్లు విరిగితే ఒళ్లు ఏం చేస్తుందో అందరికీ తెలుసు. చుట్టూ చీము పట్టి బయటికి నెట్టేస్తుంది. మరి ఈ లోహాన్ని ఎముక ఎందుకు తనలో కలిపేసుకుంది?

టైటానియానికి గాలి తగలగానే పైన ఆక్సైడ్ పొర కట్టుకుంటుంది. మందం కొన్ని నానోమీటర్లే. గీత పడితే మళ్లీ వెంటనే కట్టుకుంటుంది కనుక ఒంట్లోని తడికి ఆ లోహం తుప్పు పట్టదు. ఎముక కణాలకు నిజానికి తగిలేది ఆ పొరే. దాన్ని ఆనుకునే అవి కొత్త ఎముకను పేర్చుకుంటూ పోతాయి. మన భీమిలి తీరపు ఇసుకలో నల్లగా మెరిసే ఇల్మనైట్ రేణువుల్లో ఉన్నదీ ఈ లోహమే.

1965లో గోథెన్‌బర్గ్‌లో బ్రోనెమార్క్ మొదటిసారి ఒక మనిషి దవడలో టైటానియం మరలు బిగించాడు. ఆయన పేరు గోస్టా లార్సన్, వయసు 34. పుట్టుకతోనే దవడ, గడ్డం సరిగా ఏర్పడని మనిషి. కింది దవడలో నాలుగు మరలు దించి, వాటి మీద పళ్లు నిలబెట్టారు. 2006లో కన్నుమూసేదాకా, 40 ఏళ్లకు పైగా, లార్సన్ వాటితోనే తిన్నాడు.

అయినా దంత వైద్యులు చాలాకాలం నమ్మలేదు. బ్రోనెమార్క్ పళ్ల డాక్టరు కాదాయె! పైగా అంతకుముందు రకరకాల లోహాలతో చేసిన ప్రయత్నాలు చాలావరకు బెడిసికొట్టి ఉన్నాయి. 1978లో ఈ మరల తయారీకి ఆయనతో చేతులు కలిపిన కంపెనీ బోఫోర్స్. ఫిరంగుల గొడవతో మన పత్రికల్లో ఏళ్ల తరబడి నలిగిన పేరే. 1982లో జార్జ్ జార్బ్ టొరంటోలో ఏర్పాటు చేసిన సదస్సులో ఏళ్ల తరబడి కూడబెట్టిన ఫలితాలను ముందు పెట్టాక, ఉత్తర అమెరికా వైద్యులు ఒప్పుకున్నారు.

ఆ టైటానియం మరనే ఇప్పుడు ఇంప్లాంట్ అంటున్నారు. మా అమ్మకు కింది దవడలో ఇంప్లాంట్ వేస్తున్నప్పుడు నేను పక్కనే నిలబడ్డాను. నాలుగు మిల్లీమీటర్ల లావు, వేరుశనగ గింజంత పొడుగు ఉన్న మర అది. డాక్టరు రంధ్రం ఒక్క ఊపున తొలిచేయలేదు. కాస్త తొలవడం, ఆగడం, పైనుంచి చల్లటి సలైన్ ధార, మళ్లీ తొలవడం. "అమ్మా, ఇంకాస్త నోరు తెరవండి" అంటూ ఓపిగ్గా చేశారు. ఆ నిదానానికి కారణం ఉంది. 47 డిగ్రీల వేడి ఒక్క నిమిషం తగిలినా ఎముక దెబ్బతింటుంది. దెబ్బతిన్న ఎముక మరను పట్టుకోదు. ఆ తర్వాత నిరీక్షణ. బ్రోనెమార్క్ పద్ధతిలో కింది దవడకు మూడు నెలలు, పై దవడకు ఆరు నెలలు. ఆ పద్ధతిలో ఎముక బాగా పట్టుకున్నాకే పైన పన్ను బిగిస్తారు.

ఇంత మంచి సాధనం వచ్చాక జనంలో ఒక తొందర మొదలైంది. అది నాకు బాధ కలిగిస్తుంది. చిగురు వాచి, బ్రష్ చేస్తే నెత్తురొచ్చి, పన్ను కాస్త కదిలితే చాలు, "పీకేసి ఇంప్లాంట్ పెట్టేయండి" అంటున్నారు. పళ్లకు పట్టిన పాచి గట్టిపడి గార అవుతుంది. చిగురు వాచి పంటిని వదులుతుంది, సందు లోతవుతుంది. డాక్టరు గీతలు గీసిన సన్నటి పుల్లతో ఆ లోతు కొలుస్తారు. మూడు మిల్లీమీటర్లలోపు ఉంటే మామూలే. నాలుగైదుకు దిగితే స్కేలింగ్ చేసి, చిగురు కింద వేరు మీది గారను కూడా గీకి తీస్తారు. ఇంకా లోతైతే చిగురు తెరిచి శుభ్రం చేసి కుట్లు వేస్తారు. కదులుతున్న పళ్లలోనూ నిలబెట్టగలిగినవి చాలా ఉంటాయి.

నిజంగా పోయిన పంటికి మూడు దారులు. కట్టుడు పళ్లు తీసి పెట్టుకోవచ్చు. బ్రిడ్జి వేయాలంటే అటూ ఇటూ ఉన్న పళ్లను అరగదీయాలి. ఇంప్లాంట్ పక్క పళ్ల జోలికి పోదు. కానీ సొంత పన్ను ఎముకకు నేరుగా అతుక్కుని ఉండదు, సన్నటి నారలతో ఊయలలా వేలాడుతుంది. చిగురు నారలు కూడా దాని వేరులోకే దిగి ఉంటాయి. లోహంలోకి అవి దిగలేవు, పక్కగా ఒరుసుకుని ఉంటాయంతే. అందుకే అక్కడ పాచి చేరితే వాపు ఎముకకు త్వరగా పాకుతుంది. పొగ తాగేవాళ్లకూ, షుగరు అదుపులో లేనివాళ్లకూ, పాత చిగుళ్ల జబ్బు (పయోరియా) మానకుండానే ఇంప్లాంట్ వేయించుకున్నవాళ్లకూ ఈ ముప్పు ఎక్కువ.

అందుకే మా అమ్మను చూసిన డాక్టరు మరను ముట్టుకునే ముందు రెండు నెలలు చిగుళ్లకే వైద్యం చేశారు. ఇప్పటికీ ఆరు నెలలకోసారి రమ్మంటారు. నొప్పేమీ లేదు కదా అని అమ్మ గునుస్తుంది. ఇంప్లాంట్ చుట్టూ ఎముక తరిగిపోతున్నా చాలామందికి నొప్పి తెలియదు. మర చుట్లు పైనుంచి ఎక్స్‌రేలో ఒక్కొక్కటిగా బయటపడుతుంటేనే తెలుస్తుంది.