నిప్పు వెలుపల, వెచ్చదనం లోపల

మార్గశిర, పుష్య మాసాలలో తెల్లవారుజామున నందికొట్కూరు వీధులలో నడిచేవారికి రెండు దృశ్యాలు కనబడతాయి. కొన్ని ఇండ్లలో పెరటిలో మూడు రాళ్ళ మీద కాగు, దాని క్రింద కంపకట్టెల మంట ఉంటాయి. మరికొన్ని ఇండ్లలో అదే మంట వంటింటిలో వెలుగుతుంది. దాని పొగ మిద్దె గవాచి గుండా మెల్లగా పైకి వస్తుంది. రెండు చోట్లా కాగేవి స్నానపు నీళ్ళే. కాని ఒక ఇంట పొగ నేరుగా ఆకాశానికి పోతున్నది. మరొక ఇంట అది ముందుగా పొయ్యి ముందు కూర్చున్న తల్లి ఊపిరితిత్తులలోనికి పోయి, ఆ తరువాత ఆకాశాన్ని చేరుతున్నది. నిప్పును ఇంటి వెలుపల ఉంచి దాని వేడిమిని మాత్రమే లోపలికి తెచ్చుకొనే ఉపాయం ఎటువంటిదో, అది మన ప్రాంతానికి ఎట్లు ఉపకరిస్తుందో తెలుపడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

శీతల దేశాలలోని బయటి కొలిమి

మంచు కురిసే దేశాలలో ఇంటిని వెచ్చగా ఉంచుకోవడం ప్రాణావసరం. ఉత్తర అమెరికా పల్లెలలో ఇందుకై కొందరు ఇంటికి కొన్ని గజాల దూరంలో, చిన్న గుడిసెవంటి ఇనుప కట్టడంలో కట్టెల కొలిమిని నెలకొల్పుతారు. మంట గది చుట్టూ నీటి తొట్టి ఉంటుంది. మంట వేడికి నీరు కాగుతుంది. ఆ నీటిని భూమిలో పాతిన గొట్టాల ద్వారా పంపు ఇంటిలోనికి నెట్టుతుంది. అక్కడ నీరు తన వేడిమిని గదులకు ఇచ్చి, చల్లబడి, మరల కొలిమి వద్దకు వస్తుంది. ఇంటిలోనికి వచ్చేది వేడిమి మాత్రమే. పొగ, బూడిద, నిప్పురవ్వలు వెలుపలనే ఉండిపోతాయి.

అయితే ఈ కొలిమికి ఒక పెద్ద లోపం కలదు. నీరు తగినంత కాగగానే గాలి ద్వారం మూసుకొంటుంది. గాలి అందని కట్టెలు మండక, గంటల తరబడి కుమిలిపోతూ చిక్కని పొగను వెలువరిస్తాయి. పొగగొట్టం పొట్టిగా ఉన్నచోట ఆ పొగ పైకి పోక పొరుగు ఇండ్లలో చొరబడుతుంది. అందుచేతనే అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 2015లో ఇటువంటి కొలుములకు పొగ పరిమితులను విధించింది. నిప్పును వెలుపల పెట్టినంత మాత్రాన సమస్య తీరదనీ, అది చక్కగా మండాలనీ ఈ అనుభవం బోధిస్తున్నది.

హమ్మాము కథ

ఈ ఆలోచన క్రొత్తది కాదు. ప్రాచీన రోమనులు స్నానశాలల నేలను చిన్న స్తంభాలపై నిలిపి, ఒక ప్రక్కన వెలిగించిన కొలిమి నుండి వేడిగాలిని ఆ నేల క్రిందుగా ప్రవహింపజేశారు. కొరియా దేశస్థులు పొయ్యి పొగను గది నేల రాళ్ళ క్రింద కాలువలగా నడిపించి, ఆవలి వైపున గొట్టం ద్వారా వదిలే పద్ధతిని శతాబ్దాలుగా పాటించారు. దానిని 'ఒండోల్' అంటారు.

ఇస్లామీయ ప్రపంచంలో ఈ విద్య హమ్మాము రూపంలో వర్ధిల్లింది. హమ్మాము అనే మాట అరబ్బీలో వేడిమిని తెలిపే ధాతువు నుండి పుట్టింది. హమ్మాము కొలిమికి ఫారసీలో, ఉర్దూలో 'గుల్ఖన్' అని పేరు. కవుల పద్యాలలో పూలతోట అయిన గుల్షన్‌కు ఎదురుగా ఈ గుల్ఖన్‌ను నిలపడం ఉర్దూ విద్యార్థులకు తెలిసినదే. స్నానం చేసేవారికి ఈ కొలిమి కనబడదు. దానికి వెలుపలి వైపు నుండి కట్టెలు అందిస్తారు. కాశ్మీరు మసీదులలో నేటికీ ఇట్టి హమ్మాములు ఉన్నవి. రాతి నేల క్రింద కట్టెలు మండుతుంటే, పైన రాగి తొట్టిలో వజూకు నీరు కాగుతుంది. వెచ్చని ఆ రాతి నేల మీద వృద్ధులు కూర్చుని చలి కాచుకొంటారు. మన తెలుగునాట హైదరాబాదులోని ఖుతుబ్‌షాహీ సమాధుల ప్రాంగణంలో నాటి హమ్మాము కట్టడం నిలిచి ఉన్నది.

కాలక్రమాన ఆ మాట భవనం నుండి పాత్రకు దిగివచ్చింది. దక్కనులో చాల ఇండ్లలో హమ్మాము అంటే నడుమ నిప్పుగొట్టం, దాని చుట్టూ నీరు, క్రింద కొళాయి కలిగిన రాగి బాయిలరు. పై నుండి చన్నీరు పోస్తే కొళాయి నుండి వేన్నీరు వస్తుంది. నిప్పు చుట్టూ నీటిని ఉంచే అమెరికా కొలిమి సూత్రమే ఇందులోనూ కలదు.

మన అవసరం, మన లెక్క

పూర్వం కర్నూలు జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ నుండి నంద్యాల జిల్లాలో చేరిన మన నందికొట్కూరులో గదులను వేడి చేసుకోవలసినంత చలి లేదు. మనకు కావలసినది వేన్నీరు. బాలింతకు, పసిబిడ్డకు, కీళ్ళ నొప్పుల పెద్దలకు, ఫజర్ నమాజుకు వజూ చేసేవారికి, తెల్లవారుజామున పొలానికి పోయేవారికి అది నిత్యావసరం.

వంట సంగతి చాలవరకు మారినది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999లో దీపం పథకాన్ని, కేంద్ర ప్రభుత్వం 2016లో ఉజ్జ్వల పథకాన్ని ప్రారంభించిన తరువాత గ్యాసు పొయ్యి పల్లెలకు చేరింది. కాని గ్యాసు ఉన్న ఇంట కూడ స్నానపు నీటికి కట్టెల పొయ్యి చల్లారలేదు. ఇందుకు కారణం లెక్క వేస్తే తెలుస్తుంది.

ఆరుగురు ఉన్న ఇంట ఒక్కొక్కరికి 15 లీటర్ల చొప్పున 90 లీటర్ల నీరు కావలెననుకొందాము. 22 డిగ్రీల సెంటిగ్రేడులో ఉన్న నీటిని 42 డిగ్రీలకు తేవడానికి 90ని 20తో హెచ్చించగా 1,800 కిలోకేలరీల వేడిమి అవసరం. 14.2 కిలోల గ్యాసు సిలిండరును ఈ నీటికే వాడితే సుమారు 50 రోజులలో అయిపోతుంది. దానిని పొదుపుగా వాడుకొనే ఇల్లాలు నీళ్ళకు కట్టెల వైపు చూడడంలో ఆశ్చర్యం లేదు.

బాగా ఎండిన కిలో కట్టె సుమారు 3,500 కిలోకేలరీలను ఇస్తుంది. కాని మూడు రాళ్ళ పొయ్యిలో సుమారు పదవ వంతు మాత్రమే నీటికి చేరుతుంది. తక్కినది గాలిపాలు. అనగా ఆ 90 లీటర్లకు రోజుకు 5 కిలోలకు పైగా కట్టె కావాలి. వేడిమిలో 30 శాతాన్ని నీటికి అందించే మూసిన పొయ్యి ఉంటే 1.7 కిలోలు చాలును. నూరు రోజుల చలికాలంలో ఒక్క ఇంటికి 340 కిలోల కట్టె మిగులుతుంది. అన్ని మోపులు ఒక స్త్రీ తలమీదికి ఎక్కవలసిన అవసరం తప్పుతుందన్నమాట.

కట్టె ఎండినదా, పచ్చిదా అన్నది మరొక ముఖ్య విషయం. బరువులో సగం నీరున్న పచ్చికట్టె మండేటప్పుడు ముందుగా ఆ నీటిని ఆవిరి చేయాలి. అందుకై తన వేడిమినే ఖర్చు పెట్టుకొంటుంది. కిలోకు 2,000 కిలోకేలరీల లోపే మనకు దక్కుతుంది. పైగా మంట చల్లబడి పొగ ఎక్కువవుతుంది. వర్షాకాలానికి ముందే కొట్టి, చీల్చి, కప్పు క్రింద పేర్చిన కట్టె ధనంతో సమానం.

కంపచెట్టు వచ్చిన విధము

మన పొయ్యిలలో ఎక్కువగా మండేది సర్కారు తుమ్మ. మనవారు దానిని కంపచెట్టు అంటారు. ఇది ఈ నేల చెట్టు కాదు. అమెరికా ఖండం నుండి వచ్చినది. 1876లో మద్రాసు రాజధాని అటవీశాఖాధికారి బెడ్డోమ్ మెట్ట ప్రాంతాలలో నాటడానికై దాని విత్తనాలను కోరగా, 1877లో మన పొరుగున ఉన్న కడప జిల్లా కమలాపురంలో నాటారు. రాయలసీమను మహాక్షామం పీడించిన సంవత్సరాలవే. వంటచెరకు కరవు తీర్చడానికి వచ్చిన ఆ చెట్టు నేడు చెరువు గర్భాలను, బీడు భూములను ఆక్రమించింది. దాని కట్టె గట్టిది, నిదానంగా మండి మంచి బొగ్గునిస్తుంది. దానిని నరికి వాడుకొంటే చెరువులకు మేలే, నల్లమల అడవి మీద భారమూ తగ్గుతుంది. పత్తికట్టె, కందికట్టె, మొక్కజొన్న బెండ్లు కూడ నీళ్ళ పొయ్యికి పనికివస్తాయి.

పొగ చేసే కీడు

ఇంటిలోని పొగవల్ల కలిగే వ్యాధులతో 2020లో ప్రపంచమంతటా సుమారు 32 లక్షలమంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా వేసింది. పిల్లలకు న్యుమోనియా, పెద్దలకు దీర్ఘకాలిక శ్వాసరోగం, గుండె జబ్బులు, కంటి శుక్లాలు ఈ పొగతో ముడిపడినవి. కట్టె పూర్తిగా మండనప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడు మరింత ప్రమాదకరం. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తం ప్రాణవాయువును మోసే శక్తిని అది హరిస్తుంది. బాలింత గది తలుపులు మూసి లోపల బొగ్గుల కుంపటి పెట్టే అలవాటును ఈ కారణంచేత వెంటనే మానవలెను.

ఈ పొగను జయించాలని తెలుగునాట ముందుగానే ప్రయత్నం జరిగింది. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయానికి చెందిన ఎస్.పి. రాజు గారు పొగగొట్టం గల మట్టి పొయ్యిని రూపొందించి, కోట్లాదిమందికి పొగలేని వంటిండ్లు కావాలంటూ 1953లో ఆంగ్లంలో ఒక గ్రంథం ప్రకటించారు. తరువాత కేంద్ర ప్రభుత్వం 1983 నుండి 2002 వరకు మెరుగైన పొయ్యిల కార్యక్రమాన్ని నడిపింది. చాల పొయ్యిలు కొద్ది కాలానికే మూలపడ్డాయి. గొట్టం మసితో పూడుకొనిపోయినప్పుడు శుభ్రం చేసేవారు లేకపోవడం, పొయ్యి వాడే స్త్రీల అభిప్రాయం అడగకపోవడం ఇందుకు ముఖ్య కారణాలు.

పెరటి పొయ్యి కట్టే విధానం

మంచి నీళ్ళ పొయ్యికి పెద్ద ఖర్చు అవసరం లేదు. ఇటుక, మట్టి, ఊక, బూడిద, ఒక గొట్టం చాలును.

కాగును పైన పెట్టక, మెడ వరకు పొయ్యిలో దించి అమర్చాలి. కాగుకు, పొయ్యి గోడకు నడుమ రెండు వేళ్ళ వెడల్పు సందు విడవాలి. అప్పుడు మంట అడుగును మాత్రమే గాక ప్రక్కలను కూడ తాకుతూ పోతుంది. క్రింద ఇనుప జల్లెడ పెడితే బూడిద రాలి, కట్టెకు అడుగు నుండి గాలి అందుతుంది. గోడలను ఊక, బూడిద కలిపిన మట్టితో మందంగా కట్టితే వేడిమి బయటకు పోదు. కట్టెలు పెట్టే ద్వారానికి ఎదురు దిక్కున, పై భాగంలో గొట్టం అమర్చి, దానిని మిద్దె పిట్టగోడకంటె కనీసం మూడడుగుల ఎత్తుకు లేపాలి. చలికాలంలో మనకు గాలి ఈశాన్యం నుండి, తూర్పు నుండి వీస్తుంది. కనుక పొయ్యి ఇంటికి పడమర లేక నైరుతి దిక్కున ఉంటే పొగ ఇంటి వైపు రాదు. పొరుగువారి కిటికీ ఎటువైపున ఉన్నదో కూడ చూచుకోవడం ధర్మం.

మన ప్రాంతంలో నాపరాయి చౌకగా దొరుకుతుంది. కాని దానిని మంట తాకే చోట వాడరాదు. అది పొరలుపొరలుగా ఏర్పడిన సున్నపురాయి. వేడికి పగిలి పెచ్చులు ఎగురుతాయి. వెలుపలి అరుగుకు, కట్టెల అరకు అది శ్రేష్ఠం. కాగు మీద మూత ఉండాలి గాని, ఆవిరి పోవడానికి దారి లేకుండా బిగించరాదు. బిగించిన పాత్ర బాంబు వంటిది. బోరు నీటివల్ల కాగు లోపల పేరుకొనే సున్నపు పొరను, వెలుపల అంటే మసిని తరచు గీకివేస్తుండాలి. ఈ రెండూ వేడిమికి అడ్డు గోడలు. గొట్టాన్ని నెలకొకసారి దులపాలి.

పెద్ద కట్టెలు కుక్కి, గాలి మూసి, కుమిలించడంకంటె, సన్నగా చీల్చిన కట్టెలతో చురుకైన మంట పెట్టి, పని కాగానే ఆర్పివేయడం మేలు. వేడిమిని దాచవలసినది మూత పెట్టిన నీటిలోనే గాని, నివురుగప్పిన కట్టెలో కాదు.

ముగింపు

సూర్యరశ్మితో నీరు కాచే పరికరాలు మన ఎండసీమకు ఎంతో తగినవి. అవి అందరికీ అందుబాటులోనికి వచ్చేవరకు కట్టెల కాగు మన పెరళ్ళలో ఉండక తప్పదు. ఉన్నంతకాలం అది తల్లులను ఏడిపించకుండ ఉండాలి. విజ్ఞానశాస్త్రం చదివే మన విద్యార్థినీ విద్యార్థులు సెలవులలో తమ ఇంటి పొయ్యిని ఒకసారి పరీక్షించి, ఎన్ని కట్టెలకు ఎన్ని నీళ్ళు కాగుతున్నవో తూచి చూడగోరుతున్నాను. ఆ లెక్క పరీక్షలో అడగకపోవచ్చు. కాని తెల్లవారకముందే లేచి, కళ్ళు నులుముకొంటూ మనకు వేన్నీళ్ళు తోడిపెట్టిన అమ్మకు మన చదువు చెల్లించగల మొదటి బాకీ అదే.