దీపమునుండి పూసవరకు

చమురు శుద్ధిచేయు కర్మాగారములలోను, రసాయనములు వండు ప్లాంటులలోను, గుంటూరు సీమలో మిరపకాయలను నిలువచేయు కోల్డు స్టోరేజీల యంత్రశాలలలోను, పంపుల ప్రక్కను గొట్టముల అతుకుల ప్రక్కను, పిడికిలికంటె కొంచెము పెద్దదైన యొక లోహపు డబ్బా, మూతి క్రిందికి వంచుకొని, రేయింబవళ్లు గోడను అంటిపెట్టుకొని ఉండును. అక్కడి పనివారు దానిని గ్యాస్ డిటెక్టరని పిలుతురు. నడుమునకు తగిలించుకొని తిరుగు చిన్న యంత్రములు వేరు. ఇది స్తంభమునకో గోడకో బిగింపబడి, తాను కదలక, తన మూతివద్దకు వచ్చిన గాలిని మాత్రమే పరీక్షించి, ఆ ఫలితమును తీగ వెంట దూరముననున్న కంట్రోలు రూమునకు పంపుచుండును. మండు వాయువులను కనిపెట్టు రకముయొక్క మూతిని విప్పి చూచినచో నాణెమంత బిళ్ల యొకటి కనబడును. లోహపు పొడిని అచ్చులో అదిమి కాల్చి చేసిన ఆ బిళ్లనిండ కంటికానని సందులు కలవు. దాని వంశచరిత్ర తెలియవలెనన్నచో 200 ఏండ్లు వెనుకకు, ఉత్తర ఇంగ్లండు బొగ్గుగనుల చీకటిలోనికి, దిగవలెను.

1812 మే 25వ తేదీన ఫెల్లింగ్ అను ఊరి గనిలో వాయువు అంటుకొని 92 మంది పురుషులును బాలురును మరణించిరి. బొగ్గుపొరలనుండి ఊరు మీథేన్ వాయువు గాలిలో నూటికి 5 పాళ్లు మొదలు 15 పాళ్లవరకు కలిసినప్పుడు నిప్పురవ్వ సోకిన ప్రేలును. ఆనాటి గనిపనివానికి చీకటిలో చూపునిచ్చు దీపమే ఆ నిప్పురవ్వ యయ్యెను. ఈ చిక్కును విడదీయుటకు పలువురు పూనుకొనిరి. క్లానీ యను వైద్యుడును, పిమ్మట రైలుబండ్ల నిర్మాతగా ప్రసిద్ధికెక్కిన జార్జి స్టీఫెన్‌సనును తమతమ దీపములను రూపొందించిరి. కాని 1815లో సర్ హంఫ్రీ డేవీ కనుగొన్న ఉపాయము అన్నింటిలోను సులభమైనది. సన్నని సందులగుండ పోవలసివచ్చినప్పుడు జ్వాల తన వేడిని లోహమునకు కోల్పోయి చల్లారును. కావున చదరపు అంగుళమునకు 784 కన్నులుగల ఇనుపతీగల వలను దీపముచుట్టు తొడిగినచో, బయటి వాయువు లోనికి వచ్చి మండినను, లోపలి మంట బయటికి పోజాలదు. ఆయన దీనికి పేటెంటు తీసికొనలేదు. మనుష్యుల ప్రాణములకు సంబంధించిన సాధనముపై హక్కు కోరని ఆ ఔదార్యమును తలచినప్పుడెల్ల నాకు ఆయన పాండిత్యముకంటె ఆ మనసే పెద్దదిగా తోచును.

అయితే ఆ దీపము వెలుగునిచ్చుటతో తృప్తిపడలేదు. వత్తిని తగ్గించి చూచినచో, గాలిలో మీథేన్ ఉన్నంత మేరకు జ్వాలమీద లేతనీలి టోపీవంటిది ఏర్పడి, వాయువు హెచ్చినకొలది ఎత్తు పెరుగుచుండును. కంటితో కొలువదగిన తొలినాటి గ్యాస్ డిటెక్టరు ఆ నీలిజ్వాల. 1889లో ఇల్లెందువద్ద ఆరంభమైన మన సింగరేణి తవ్వకములకును ఇదే శాస్త్రము వర్తించును. గనులలో సర్దారులును ఓవర్‌మన్‌లును కప్పుక్రింద దీపమునెత్తి ఆ టోపీ ఎత్తును చూచుట నేర్చినవారే. కాని కన్ను ఎంత అలవాటుపడినను నూటికి 1.25 పాళ్లకు తక్కువగానున్న వాయువును ఆ జ్వాలలో పోల్చుకొనుట కష్టము. మన గనుల నిబంధనలు పనివారిని బయటికి పంపివేయుమను హద్దుకూడ 1.25 పాళ్లే.

డేవీ దీపము వచ్చిన తరువాత గనులలో మరణములు వెంటనే తగ్గిపోయెనని తలచుట పొరపాటు. దీపమున్నదను ధైర్యముతో యజమానులు అంతకుముందు భయపడి విడిచిన పొరలను తెరపించిరి; వలలు తుప్పుపట్టి చిరిగెను; గాలి విసురుగా వీచుచోట జ్వాల వలకు తగిలి దానిని ఎర్రగా కాల్చి బయటికి దాటెను. ఒక్క కన్ను తెగిన వలగల దీపము, మంచి దీపమువలెనే వెలుగుచు, మంచి దీపమువలెనే మనుష్యుని ముందుకు నడిపించును. ఈ యంత్రముయొక్క జాతకములో ఆ దోషము ఆనాడే వ్రాయబడినది.

దీపమునకు తెలియని విషవాయువులకై 1890లలో జాన్ స్కాట్ హాల్డేన్ పండితుడు చిన్న ప్రాణులను గనిలోనికి తీసికొనిపొమ్మనెను. వడివడిగా ఊపిరితీయు కానరీ పక్షి, కార్బన్ మోనాక్సైడు మనుష్యుని పడవేయుటకు ముందే తాను సోలిపోవును. బ్రిటనులో ఆ పక్షులను ఉద్యోగమునుండి తొలగించు నిర్ణయము 1986లోగాని వెలువడలేదు.

విద్యుత్తుతో వాయువును కొలుచు పద్ధతి చమురు తొట్లవద్ద వేళ్లూనినది. కాలిఫోర్నియాలో స్టాండర్డ్ ఆయిల్ సంస్థయందు పనిచేసిన ఆలివర్ జాన్సన్, చమురు నిలువచేయు తొట్లు ప్రేలిపోవుచుండుట నివారింపగోరి, 1926–27 ప్రాంతమున వేడెక్కిన ప్లాటినము తీగను వాయుపరీక్షకు వినియోగించెను. ప్లాటినము తన ఉపరితలముమీద మండు వాయువును జ్వాల లేకయే దహింపజేయును. ఆ దహనముచే తీగ మరింత వేడెక్కును. వేడెక్కినకొలది దాని నిరోధము పెరుగును. ఆ పెరుగుదలను కొలిచినచో గాలిలో వాయువెంతయున్నదో తెలియును. ఇందు లోపమేమనగా, మీథేన్‌ను దహింపజేయుటకు వట్టి తీగను 900 డిగ్రీలకు పైగా కాల్చవలసివచ్చుటచే ప్లాటినము ఆవిరియై తీగ నానాటికి సన్నబడి పోవుచుండెను. 1960 ప్రాంతమున బ్రిటను గనిభద్రతా పరిశోధనశాలలో ఆలన్ బేకర్ దీనికి మందు కనిపెట్టెను. సన్నని ప్లాటినపు చుట్టమీద అల్యూమినాతో ఆవగింజంత పూసను కట్టి, దానికి పల్లాడియమువంటి ఉత్ప్రేరకమును పట్టించెను. అట్టి పూస 500 డిగ్రీల చాయలనే మీథేన్‌ను దహింపగలదు. దీనినే పెలిస్టరందురు. పూసలు రెండు, ఒకటి వాయువును దహించును, రెండవది ఉత్ప్రేరకము లేనిది కావున దహింపక, వాతావరణపు వేడిచలి మార్పులను మాత్రము మొదటిదానితోపాటు అనుభవించును. వీట్‌స్టన్ బ్రిడ్జి అను విద్యుత్ వలయములో రెండింటిని త్రాసు పళ్లెములవలె నిలిపినచో, ఎండ తీవ్రత ఇరుప్రక్కల చెల్లిపోయి, వాయువు వాటా ఒక్కటే మిగులును.

కణకణలాడు పూసను మండు వాయువు నడుమ ఉంచుట అపాయము కాదా యని పాఠకులకు తోచవచ్చును. అందుకే దాని మూతికి ఆ లోహపు బిళ్ల. వాయువు లోనికి పోవచ్చును, మంట బయటికి రారాదు. డేవీ ఇనుపవల రూపు మారి అక్కడ నేటికిని కాపలాయున్నది.

ఈ పూస ఎట్లు మరణించునో తెలియనివాడు దానిని నమ్ముట ప్రమాదకరము. సిలికోను కలిసిన గ్రీజుల ఆవిరి, సీసము, కొన్ని గంధక, భాస్వర పదార్థములు ఉత్ప్రేరకముమీద పొరగట్టి దానిని చంపును. చచ్చిన పూసకూడ వేడిగానే ఉండును, విద్యుత్తును గ్రహించుచునే ఉండును. ఈ యంత్రములు సాధారణముగా 4 మిల్లీ ఆంపియర్లను సున్నకును, 20ని పూర్తి కొలతకును గుర్తుగా పంపును; తీగ తెగినచో ప్రవాహమే ఉండదు గనుక కంట్రోలు రూములో దోషము వెంటనే బయటపడును. పూస చచ్చినచో మాత్రము 4 మిల్లీ ఆంపియర్లు చక్కగా వచ్చుచునే ఉండును. శుద్ధమైన గాలి పలుకు మాటయు, చచ్చిన పూస పలుకు మాటయు ఒక్కటే: సున్న. ఇంకొక చిత్రము: వాయువు మితిమీరి నిండినచోట దహనమునకు ఆమ్లజని చాలక, అంకె పైకెగసి మరల పడిపోవును, అది తగ్గుదలయని భ్రమించినవారికి కీడు తప్పదు.

ఈ దోషములకు విరుగుడుగా తరువాత వేరు జాతులు వచ్చినవి. మీథేన్ మొదలగు హైడ్రోకార్బనులు 3.3 మైక్రానుల చాయగల పరారుణ కిరణమును మ్రింగును. ఆ మ్రింగుడును కొలుచు యంత్రమునకు విషము లేదు, ఆమ్లజని అక్కరలేదు, అద్దము మసిబారిన తానే చెప్పుకొనును. కాని ఉదజనిని అది చూడనే చూడలేదు. విషవాయువులకు విద్యుద్రసాయన ఘటములు కలవు. హైడ్రోజన్ సల్ఫైడు కుళ్లిన గ్రుడ్ల వాసనగలదే గాని, పదిలక్షలలో 100 పాళ్లకు చేరునప్పటికి ముక్కు మొద్దుబారి వాసన పోయినట్లే తోచును; అట్టిచోట మన ఇంద్రియముకంటె ఘటమే నమ్మదగినది. ఈ ఘటములలోని ద్రవము మన వేసవి వడగాలికి ఎండును, ముసురుకు ఉబ్బును. రెండు మూడేండ్లకు మార్చక తప్పదు.

ఎక్కడ బిగింపవలెననుట వేరొక విద్య. మీథేన్ గాలికంటె తేలిక, కప్పును చేరును. వంటగ్యాసు గాలికంటె ఒకటిన్నర మొదలు రెండురెట్ల బరువు, నేలబారుగా ప్రాకి కాలువలలోను గుంటలలోను దాగును. 1997 సెప్టెంబరు 14న విశాఖపట్టణపు హెచ్.పి.సి.ఎల్. శుద్ధి కర్మాగారమున వెలువడి అంటుకొని 60 మంది వరకు బలిగొన్నది ఆ బరువైన వాయువే. 2020 మే 7 తెల్లవారుజామున అదే నగరమున ఎల్.జి. పాలిమర్స్ తొట్టినుండి వెలువడి ఊళ్లమీదికి ప్రాకి 12 మందిని చంపిన స్టైరీన్ ఆవిరి, గాలికంటె మూడున్నర రెట్లు బరువు. అందుచే అట్టి వాయువులకు డిటెక్టరును నేలకు మూరెడెత్తున ఉంచుదురు. మరీ దిగువనున్న వాననీటి చిందులు మూతిని మూయును. కోల్డు స్టోరేజీలోని అమ్మోనియా తేలికయైనదే యైనను, చల్లని ద్రవముగా చిమ్మినప్పుడు తేమతో కలిసి పొగమంచై నేలమీదనే పరచుకొనును. కావున పుస్తకములోని బరువుల పట్టికను మాత్రమే చూచి కప్పుకు బిగించిన వాడు సగమే చదివినవాడు. గాలి వీచు దిక్కును, కారుటకు వీలున్న వాల్వును, పంపు సీలును చూడవలెను. అన్నింటికంటె ముఖ్యముగా, నిచ్చెన వేసి మనుష్యుడు చేరగల చోటై ఉండవలెను. చేయి అందనిచోట ఉన్న డిటెక్టరును ఎవరును పరీక్షింపరు.

కొన్నేండ్ల క్రిందట సముద్రతీరమందలి యొక కర్మాగారములో, ఆ పనిలోనే తల నెరసిన యొక ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియను వెంట నేను ఒక పూట తిరిగితిని. మూడవ అంతస్తులో ఒక డిటెక్టరు మూతికి పాలితిన్ సంచి తొడిగి పురికొసతో కట్టబడి ఉండెను. ఆయన దానిని విప్పుచు, "రంగులేసినవాళ్లు కట్టారు సార్. వేసేటప్పుడు కట్టడం మంచిదే, విప్పడం మరిచిపోయారు. ప్యానెల్లో సున్నా కనిపిస్తుంటే ఎవరికి అనుమానం వస్తుంది?" అనెను. ఒక అంతస్తు క్రింద మరొకదాని మూతిలో కుమ్మరిపురుగు మట్టితో గూడు కట్టియుండెను. రెండును కంట్రోలు రూములో సున్ననే చూపుచుండెను.

ఆయన పని చూచినపిదపనే కాలిబ్రేషన్ అనునది ఏమో నాకు బోధపడినది. మొదట కంట్రోలు రూమునకు ఫోనుచేసి ఆ డిటెక్టరు అలారమును కొంతసేపు నిలిపించెను. లేనిచో పరీక్షావాయువుకే ప్లాంటు ఆగిపోవును. పిమ్మట సీసాలోని శుద్ధమైన గాలిని పట్టి సున్నను సరిచూచెను. చుట్టునున్న గాలితోనే సున్న కట్టరాదా యని అడుగగా, అందులో అప్పటికే కొంచెము వాయువున్నచో ఆ కొంచెమునే సున్నయని యంత్రమునకు నేర్పినట్లగునని చెప్పెను. తరువాత నూటికి 2.5 పాళ్లు మీథేన్ గల సీసాను తగిలించి, నిమిషమునకు అరలీటరు చొప్పున మూతికి తొడిగిన కప్పులోనికి వదలెను. ఆ మీథేన్ గాలిలో కలిపినదై ఉండవలెను. నత్రజనిలో కలిపినదైనచో పూసకు ఆమ్లజని దొరకదు. ఇందు నాకు మిక్కిలి నచ్చిన సూక్ష్మమొకటి కలదు: ప్రేలుడుకు దిగువహద్దు 5 పాళ్లని కొన్ని దేశములును, 4.4 పాళ్లని కొన్ని ప్రమాణములును గ్రహించుటచే, అదే 2.5 పాళ్ల వాయువు ఒక లెక్కలో ఆ హద్దునకు 50 శాతము, మరొక లెక్కలో 57 శాతము అగును. ఏ లెక్కయో తెలియక స్క్రూ త్రిప్పినవాడు మంచి యంత్రమును తన చేతనే చెడగొట్టును.

వంటగ్యాసున్నచోటను మీథేన్‌తో ఏల పరీక్షింతురంటిని. దహించుటకు అన్నింటిలోను మొండిది మీథేన్. విషము తగిలిన పూస ముందుగా మీథేన్‌నే గుర్తించుట మానును, ప్రోపేన్‌ను ఇంకను కొంతకాలము గుర్తించుచుండును. కావున మీథేన్‌తో పరీక్షించినవానికి పూస జబ్బు తొలిదశలోనే తెలియును. అయితే బరువైన ఆవిరులకు ఈ పూస తక్కువగా స్పందించుటచే, వాటికి తగిన గుణకముతో అంకెను సవరింపవలెను.

సీసా వాయువు సోకిన ఆ డిటెక్టరు అంకె, 50 చూపవలసినది, 41 వద్ద నిలిచెను. ఆయన స్క్రూను ముట్టక ముందుగా ఆ 41ని పుస్తకములో వ్రాసికొని, అటుతరువాతనే 50కి త్రిప్పెను. వెనుకటి పుటలను తిరగవేసి చూపెను: 49, 47, 44. త్రిప్పిన ప్రతిసారియు అంకె సరిపోవును గాని పూస ముసలిదగుచున్నదను సంగతి ఆ పాత అంకెలలోనే తెలియుచున్నది. సవరించిన అంకెను మాత్రమే వ్రాయుట అలవాటైనచోట, ఈ పూస చచ్చునాటివరకు పుస్తకములో 50, 50, 50 అనియే ఉండెడిది. "వచ్చే నెల దీన్ని మార్చేయాలి," అని దానిప్రక్క ఎర్రసిరాతో గుర్తుపెట్టెను.

వాయువును కట్టి కప్పును తీసివేయగా అంకె 50నుండి మెల్లగా దిగి సున్నవద్ద నిలిచెను. ఆయన అది నిలిచినదాక కదలలేదు. పిమ్మట మరల ఫోనుచేసి, అలారమును తిరిగి పెట్టితిరా యని రెండుసార్లు అడిగి, పెట్టితిమను మాట విన్నతరువాత, డబ్బా మెడకు తేదీ వ్రాసిన అట్టముక్కను కట్టి, సీసాను భుజమునకెత్తుకొని తరువాతి నిచ్చెనవైపు సాగెను. ఆ అంతస్తులో ఇంకను పదునొకటి ఉండెను.