గంజాయి మొక్క: నిషేధించాలా, అనుమతించాలా?

"తులసి వనంలో గంజాయి మొక్క" అన్న మాట మీరు వినే ఉంటారు. మంచివాళ్ళ మధ్య చేరిన చెడ్డవాణ్ణి పెద్దలు అలా అంటారు. కాని వృక్షశాస్త్రం దృష్టిలో మంచి మొక్క, చెడ్డ మొక్క అంటూ ఉండవు. ఏ మొక్కలో ఏ పదార్థముంది, అది మన శరీరంలో ఏం చేస్తుంది అన్నదే శాస్త్రం అడిగే ప్రశ్న.

గోదావరి డెల్టాలో గంజాయి పండదు. కోనసీమలో కొబ్బరి, కాలువల కింద వరి, కోత తరవాత చేలల్లో జనుము, మినుము. ఇవే మన పంటలు. అయినా రాజమహేంద్రవరం పత్రికల్లో గంజాయి పట్టివేత వార్త తరచు కనిపిస్తూనే ఉంటుంది. కారణం తెలుసుకోవడానికి పటం చూడండి. ఉత్తరాన ఆంధ్ర, ఒడిశా సరిహద్దు కొండలు. అక్కడి నుంచి దిగివచ్చే దారులు తుని మీదుగా కొన్ని, మారేడుమిల్లి, రంపచోడవరం మీదుగా కొన్ని. రెండూ కలిసేది గోదావరి ఒడ్డునే. పెద్ద రైలు మార్గం, జాతీయ రహదారి నదిని దాటేదీ ఇక్కడే. కొండమీద పండిన సరుకు దూరపు నగరాలకు చేరాలంటే డెల్టా ముఖద్వారం దాటక తప్పదు.

ఈ మొక్కను పూర్తిగా నిషేధించాలా, లేక కొన్ని నియమాలతో అనుమతించాలా? ప్రపంచమంతటా ఈ వాదం నడుస్తున్నది. మీ బడిలోనూ ఒకనాడు వక్తృత్వపు పోటీకి ఈ అంశం రావచ్చు. మాట్లాడే ముందు విషయం తెలుసుకుందాం.

మొక్క సంగతి

దీని శాస్త్రీయ నామం కెన్నబిస్ సటైవా. 1753లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ ఈ పేరు పెట్టాడు. బొప్పాయిలో లాగానే ఇందులోనూ సాధారణంగా ఆడ మొక్కలు వేరు, మగ మొక్కలు వేరు. పగటి పొద్దు తగ్గే కాలంలో పూత కొస్తుంది. ఆడ పూగుత్తుల మీద సూక్ష్మమైన నూగు ఉంటుంది. ఆ నూగు కొనల్లో జిగురు ఊరుతుంది. మత్తు పదార్థం ఎక్కువగా ఉండేది ఈ జిగురులోనే.

ఎండబెట్టిన ఆడ పూగుత్తులే గంజాయి. విడిగా తీసిన జిగురు చరస్. ఆకులతో చేసేది భంగు. ఇదే జాతిలో మత్తు దాదాపు లేని రకాలూ ఉన్నాయి. వాటి కాండం నుంచి గట్టి నార తీసి తాళ్ళు, గుడ్డలు చేస్తారు. పొలంలో పచ్చిరొట్టకు, పశువుల మేతకు మనం చల్లే జనుముకూ దీనికీ చుట్టరికం లేదు. నార నిచ్చే గుణం ఒక్కటే పోలిక.

మెదడులో 'ఆనందం'

గంజాయిలోని మత్తు పదార్థం పేరు టెట్రాహైడ్రోకెన్నబినాల్. పొట్టిగా టి.హెచ్.సి. 1964లో ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞులు రఫాయెల్ మెషూలమ్, యెహియెల్ గావొని దీన్ని వేరుచేసి నిర్మాణం చెప్పారు. తాళానికి తాళంచెవి సరిపడినట్టు, ఈ పదార్థానికి సరిపడే గ్రాహకాలు మెదడు కణాల మీద ఉన్నాయని 1988లో తేలింది.

ఎక్కడో కొండమీది మొక్క కోసం మన మెదడు తాళాలు పెట్టుకుని కూర్చుంటుందా? కూర్చోదు కదా! మెదడులోనే అలాంటి తాళంచెవి ఒకటి తయారవుతుండాలి. వెదకగా 1992లో దొరికింది. దానికి శాస్త్రజ్ఞులు ఏం పేరు పెట్టారో తెలుసా? 'ఆనందమైడ్'. మన 'ఆనంద' శబ్దమే! ఆకలి, నొప్పి, జ్ఞాపకం, మనఃస్థితి వంటి వాటిని ఇది సర్దుబాటు చేస్తుంది. పని కాగానే శరీరం దాన్ని వెంటనే విడగొట్టేస్తుంది.

టి.హెచ్.సి. అలా తొందరగా పోదు. ఇది కొవ్వులో కరిగే పదార్థం. శరీరంలోని కొవ్వులో దాగి, నెమ్మదిగా బయటికి వస్తుంది. ఈ గ్రాహకాలు జ్ఞాపకాలను కూర్చే భాగంలోనూ, ఒంటి తూకాన్ని కాచే చిన్నమెదడులోనూ ఎక్కువ. అందుకే గంజాయి తాగినవాడికి చదివింది నిలవదు, కాలం తెలియదు, అడుగు తడబడుతుంది. అలాంటివాడు బండి నడపడం తనకూ, ఎదుటివారికీ ప్రమాదమే. శ్వాసను నడిపే మెదడు కాండంలో ఈ గ్రాహకాలు బహు తక్కువ. కాబట్టి నల్లమందు జాతి మత్తులలో లాగా మోతాదు మించి ఊపిరి ఆగిపోవడం దీనితో సాధారణంగా జరగదు. ఈ సంగతీ నిజమే; చెప్పకుండా దాచడం శాస్త్రం పద్ధతి కాదు.

మరి అలవాటు మాట? వాడినవారిలో సుమారు నూటికి 9 మంది దానికి బానిసలవుతారని ఒక ప్రసిద్ధమైన అంచనా. బాల్యం దాటకుండానే మొదలుపెట్టినవారిలో ఇది ఆరుగురిలో ఒకరు. ఇంత తేడా దేనికి? మెదడులో ముందు భాగం, అంటే మంచిచెడ్డలు తూచి నిర్ణయించే భాగం, దాదాపు 25 ఏళ్ళదాకా పెరుగుతూనే ఉంటుంది. ఇల్లు కడుతుండగా గోడ తడి ఆరకముందే కదిలిస్తే ఏమవుతుంది? ఇదీ అంతే.

లెక్కలు అడ్డం తిరిగిన కథ

ఈ వాదం కొత్తది కాదు. 130 ఏళ్ళ కిందటే మన దేశంలో దీనిమీద పెద్ద విచారణ జరిగింది. గంజాయి వల్ల భారతదేశపు పిచ్చాసుపత్రులు నిండిపోతున్నాయని బ్రిటిష్ పార్లమెంటులో ఆరోపణ వచ్చింది. 1893లో ఏడుగురు సభ్యులతో ఒక కమిషన్ వేశారు. అందులో ముగ్గురు భారతీయులు. ఆ కమిషన్ దేశమంతా తిరిగి 1,193 మంది సాక్షుల వాంగ్మూలాలు సేకరించింది.

అన్నిటికన్నా మెచ్చదగిన పని ఆస్పత్రి రిజిస్టర్ల పరిశీలన. "పిచ్చికి కారణం" అన్న గడిలో "గంజాయి" అని రాసి ఉన్న రోగుల వివరాలు ఒక్కొక్కటే తిరగేశారు. చాలాచోట్ల అసలు కారణం తెలియక, రోగిని తెచ్చిన పోలీసులు చెప్పిందే గుమాస్తా రాసేశాడని తేలింది. సగానికి పైగా కేసులు పరీక్షకు నిలవలేదు. అంకెలు అచ్చులో ఉన్నంత మాత్రాన నిజం కావని, అవి ఎలా పుట్టాయో అడగాలని ఈ కథ నేర్పుతుంది.

మితంగా వాడితే చెప్పుకోదగిన కీడు లేదని, మితిమీరితే హాని ఉందని, పూర్తి నిషేధం కన్నా లైసెన్సులు, పన్నులతో అదుపు చేయడం మేలని 1894లో కమిషన్ నివేదించింది. ఆ రోజుల్లో మద్రాసు రాష్ట్రంలో గంజాయి పండే ముఖ్య స్థలాల్లో ఒకటి తెలుగు గడ్డ మీదే ఉండేది. అది అప్పటి కృష్ణా జిల్లా, బాపట్ల తాలూకాలోని సంతరావూరు ప్రాంతం.

1894లో టి.హెచ్.సి. అంటే ఎవరికీ తెలియదు. మెదడు ఎదుగుదల సంగతీ తెలియదు. కాబట్టి ఆ నివేదికే చివరి మాట అనుకోకూడదు.

చట్టం వచ్చింది

1961లో ఐక్యరాజ్యసమితి ఒప్పందం గంజాయిని కఠినమైన జాబితాలో చేర్చింది. మన దేశానికి పాత వాడుకను ఆపడానికి 25 ఏళ్ళ గడువు దొరికింది. ఆ గడువు తీరబోతుండగా 1985లో ఎన్.డి.పి.ఎస్. చట్టం వచ్చింది. దీని ప్రకారం గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొనలు. విడి ఆకు ఆ నిర్వచనంలోకి రాదు. అందుకే కొన్ని రాష్ట్రాల్లో భంగు అమ్మకం కొనసాగుతున్నది.

శిక్షలు బరువును బట్టి ఉంటాయి. కిలో వరకు ఉంటే ఏడాది దాకా జైలు, లేదా జుర్మానా, లేదా రెండూ. 20 కిలోలకు మించితే తక్కువలో తక్కువ పదేళ్ళు, ఎక్కువలో ఎక్కువ ఇరవై ఏళ్ళు. దానిపైన కనీసం లక్ష రూపాయల జుర్మానా. బెయిలు దొరకడం కష్టం. పెంచినవాడికి పదేళ్ళ వరకు పడవచ్చు.

ఒక్క క్షణం ఆలోచించండి. పంతొమ్మిదేళ్ళ కుర్రవాడొకడు. "ఈ రెండు సంచులు రైల్లో ఫలానా ఊరు చేర్చు, ఐదువేలిస్తా" అన్నాడొక పరిచయస్థుడు. సంచుల్లో ఉన్నది 21 కిలోలు. "అందులో ఏముందో నాకు తెలియదు" అని కుర్రవాడంటే సరిపోదు. తెలియదని తానే రుజువు చేసుకోవాలి. శిక్ష పడితే బయటికి వచ్చేసరికి ముప్ఫై ఏళ్ళు దగ్గరపడతాయి. సంచి ఇచ్చినవాడి పేరు కూడా అతనికి సరిగా తెలియకపోవచ్చు!

కొండమీద ఏం జరిగింది?

చింతపల్లి, జి.మాడుగుల, పెదబయలు, ముంచంగిపుట్టు మండలాల లోపలి గూడేల్లో గంజాయి సాగు చాలా ఏళ్ళు సాగింది. 'శీలావతి' అనే రకం పేరు అక్కడ అందరికీ తెలుసు. తొలకరికి నాటితే చలికాలానికి కోతకొస్తుంది. రోడ్డు లేని కొండమీద మామూలు పంటను సంతకు మోయాలి. గంజాయికైతే దళారి తానే వస్తాడు, ముందే సొమ్మిస్తాడు. లాభం అతనిది, జైలు గిరిజనుడిది.

2021 చివర ఆంధ్రప్రదేశ్ పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో 7 వేల ఎకరాలకు పైగా తోటలు నరికివేయించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర కోడూరులో సుమారు 2 లక్షల కిలోల సరుకు తగలబెట్టారు. 2024 నవంబరులో 'ఈగల్' అనే ప్రత్యేక విభాగం ఏర్పడింది. కాఫీ, మిరియాలు, పసుపు, రాజ్మా వంటి పంటల వైపు రైతులను మళ్ళించే ప్రయత్నమూ జరిగింది. నరకడం ఒక రోజు పని; కాఫీ మొక్క కాపుకు రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ మధ్య కాలంలో ఆ ఇంటి పొయ్యి ఎలా వెలగాలి? అసలు చిక్కు ఇక్కడే ఉంది.

రెండు పక్షాలు

అనుమతించాలనేవారి వాదం ఇది. నిషేధం ఉన్నా వాడకం ఆగలేదు. 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం దేశంలో సుమారు 3 కోట్ల 10 లక్షల మంది భంగు, గంజాయి, చరస్‌లలో ఏదో ఒకటి వాడుతున్నారు. దొంగ వ్యాపారంలో సరుకు ఎంత ఘాటో, ఏం కలిపారో తెలియదు, పన్ను రాదు, పట్టుబడేది కూలివాడు. మన డెల్టాలోనే దీనికి పోలిక ఉందంటారు వారు. 1995 నుంచి 1997 వరకు ఆంధ్రప్రదేశ్‌లో మద్యనిషేధం ఉండేది. కాని గోదావరి ఒడ్డునే ఉన్న యానాం పుదుచ్చేరిది కావడంతో అక్కడ ఆ నిషేధం లేదు. కాలువ ఇవతల నేరం, అవతల వ్యాపారం! చివరకు నిషేధం సడలించారు.

వద్దనేవారు అదే మద్యాన్ని చూపిస్తారు. అనుమతించాక మద్యం వల్ల ఎన్ని సంసారాలు చితికాయో చూడండి, ఇంకొకటి కూడానా అంటారు. సరుకు ఘాటు కూడా పెరిగింది. అమెరికాలో పట్టుబడిన నమూనాల్లో 1995లో టి.హెచ్.సి. సుమారు 4 శాతం. 2020 తరవాత 15 శాతం దాకా. చిన్న వయసులో ఘాటైన సరుకు ఎక్కువగా వాడేవారిలో తీవ్రమైన మానసిక వ్యాధుల ముప్పు ఎక్కువని అనేక పరిశీలనలు చెబుతున్నాయి.

ఇతర దేశాలు ఏం చేశాయి? 2013లో ఉరుగ్వే, 2018లో కెనడా అనుమతించాయి. 2024లో జర్మనీ పెద్దలకు పరిమితంగా అనుమతించింది. థాయిలాండ్ 2022లో నిషేధం ఎత్తివేసి, 2025లో మళ్ళీ డాక్టరు చీటీ ఉండాలని బిగించింది. కెనడాలో చాలామంది దొంగ వ్యాపారిని వదిలి లైసెన్సు దుకాణానికి మళ్ళారు. కాని గంజాయి కలిపిన మిఠాయిలు తెలియక తిని ఆస్పత్రి పాలైన పసిపిల్లల సంఖ్యా పెరిగింది. ఒక్కటి గమనించండి: ఈ దేశాల్లో ఏదీ బడిపిల్లలకు అమ్మడాన్ని అనుమతించలేదు.

ఔషధం సంగతి వేరు. 1839లోనే కలకత్తా వైద్య కళాశాలలో ఓషానెసీ అనే డాక్టరు ధనుర్వాతం, మూర్ఛల మీద గంజాయి రసాన్ని పరీక్షించాడు. మన దేశంలో తొలి టెలిగ్రాఫు తీగలు వేయించినదీ ఆయనే! ఇదే మొక్కలో మత్తునివ్వని కెన్నబిడయాల్ అనే పదార్థముంది. పిల్లలలో వచ్చే కొన్ని మొండి మూర్ఛలకు దానితో చేసిన మందును 2018లో అమెరికా ఆమోదించింది. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సంఘం గంజాయిని అతి కఠినమైన జాబితా నుంచి తీసివేసింది. ఓట్లు 27, 25. భారతదేశం తీసివేతకే ఓటు వేసింది. మత్తులేని నారరకాల సాగుకు మన దేశంలో 2018లో ఉత్తరాఖండ్ దారి తీసింది.

శాస్త్రజ్ఞుల మధ్యా తగవే

న్యూజిలాండ్‌లో 1972, 73లలో పుట్టిన వెయ్యిమందికి పైగా పిల్లలను దశాబ్దాల పాటు గమనించారు. చిన్నప్పుడే మొదలుపెట్టి, విడవకుండా గంజాయి తాగినవారి తెలివితేటల సూచి సుమారు 8 పాయింట్లు తగ్గిందని 2012లో ప్రకటించారు. 2016లో అమెరికాలో కవలలను పోల్చారు. కవలల్లో గంజాయి వాడినవారికీ వాడనివారికీ పెద్ద తేడా కనిపించలేదు. అయితే తగ్గుదలకు కారణం గంజాయా, ఇంటి పరిస్థితులా? ఇంకా పరిశోధన సాగుతున్నది. సంతరావూరు కాలపు గుమాస్తా గడిలో రాసినట్టు మనం తొందరపడి కారణం రాసేయకూడదు.

మీరు వాదించేటప్పుడు

అన్ని ప్రశ్నలనూ ఒకే మూటలో కట్టకండి. మందుగా అనుమతించాలా? నారకు పండించనివ్వాలా? తాగినవాడికి జైలా, చికిత్సా? దుకాణంలో అమ్మవచ్చా? ఇవి నాలుగు వేరు వేరు ప్రశ్నలు. ఒకదానికి అవునని, మరొకదానికి కాదని చెప్పవచ్చు. హాని ఎంతో శాస్త్రం కొలుస్తుంది. ఎంత హానిని సమాజం ఓర్చాలి, ఎవరిని శిక్షించాలి అన్నది ప్రజలు నిర్ణయించాలి. మరి కొన్నేళ్ళకు ఆ ప్రజలు మీరే.

ఒక్క విషయంలో మాత్రం రెండు పక్షాలకూ తగవు లేదు. పెరిగే మెదడుకు గంజాయి తగదు. మీకు తెలిసినవాడెవడైనా ఇందులో చిక్కుకుంటే వెలివేయకండి. తనంత తానే చికిత్సకు వచ్చే బానిసకు చట్టంలో రక్షణ ఉంది. 14446 నంబరుకు ఫోను చేస్తే సలహా చెబుతారు. ఎవరైనా సంచి మోయమంటే మాత్రం, అందులో ఏముందో చూపించమనండి. చూపించకపోతే ముట్టుకోకండి.