జాన్ బియర్డ్ అను గాయకుడు



ఇంటిలో ఒక పిల్లవానికి మంచి కంఠమున్నదని తెలిసినపుడు పెద్దలకు సంతోషముతోపాటు ఒక సంకోచమును కలుగుచుండును. పాటను నమ్ముకొని వీడు బ్రతుకగలడా, నలుగురిలో గౌరవముగా నిలువగలడా యని వారు ఆలోచింతురు. ఈ సంకోచము మన దేశమునకే చెందినది కాదు. సుమారు 300 ఏండ్లకు పూర్వము ఇంగ్లండు దేశమునను ఇది యుండెను. దానికి తన నడవడిచేతనే సమాధానము చెప్పిన యొక గాయకుని చరిత్రమును నేడు మీకు మనవి చేయదలచితిని. అతని పేరు జాన్ బియర్డ్.

అతని గొప్పతనము తెలియవలెనన్న ఆనాటి సంగీతమును గుఱించి కొంత చెప్పవలసియున్నది. ఐరోపాఖండమున సుమారు 1600 మొదలు 1750 వఱకు నడచిన సంగీతపద్ధతికి బరోక్ అని పేరు. మన క్షేత్రయ్య పదములు వెలసినదియు ఆ కాలముననే. ఈ పద్ధతిలో గాయకుడు పాడుచుండగా మంద్రస్వరముల వాద్యము ఎడతెగక క్రింద ఆధారముగా నడచుచుండును. పాటకు సాధారణముగా మూడు భాగములుండును. మొదటి భాగము ముగిసిన పిమ్మట వేఱొక భావముతో రెండవ భాగము వచ్చును. ఆపైన మొదటి భాగమునే మఱల పాడుదురు. ఇట్లు మఱల పాడునపుడు గాయకుడు తన మనోధర్మముననుసరించి క్రొత్త అలంకారములను చేర్చవలెను. మనవారు పల్లవిని తిరిగి యెత్తుకొని సంగతులు వేయుటను తలచుకొన్నచో ఇది సులభముగా బోధపడును.

ఆ దేశములలో కంఠములను స్థాయినిబట్టి విభజింతురు. స్త్రీకంఠములలో హెచ్చైనది సొప్రానో, తగ్గైనది ఆల్టో. పురుషకంఠములలో హెచ్చైనది టెనర్, తగ్గైనది బాస్. టెనర్ అను మాటకు లాటిను భాషలో పట్టి నిలుపుట యని మూలార్థము. పూర్వము ప్రార్థనాగీతములలో మూలమైన వరుసను దీర్ఘస్వరములతో పట్టి నిలిపినవానికి ఆ పేరు కలిగెను. బియర్డ్ టెనర్ గాయకుడు.

అయితే ఆ రోజులలో టెనర్ గాయకునకు నాయకపాత్ర దొరకుట అరుదు. ఒపెరా యనగా వేషములు ధరించి కథనంతయు పాటగా నడపెడి నాటకము. లండనులో ఇటలీ భాషలో నడచిన ఒపెరాలయందు వీరుల పాత్రలను ఎక్కువగా కాస్ట్రాటోలను గాయకులు పాడుచుండిరి. వీరికి బాల్యముననే శస్త్రచికిత్స చేసి కంఠము మారకుండ నిలిపెడివారు. ఈ క్రూరాచారము ఇటలీలో చిరకాలము నడచెను. వారిలో జగత్ప్రసిద్ధుడైన ఫారినెల్లి 1734లో లండనుకు వచ్చెను. సహజమైన పురుషకంఠముగల టెనర్‌కు ముసలి తండ్రియో, దుష్టుడైన రాజో, నాయకుని చెలికాడో మాత్రమే మిగులుచుండెను.

బియర్డ్ సుమారు 1716లో జన్మించెను. బాల్యమున రాజుగారి ప్రార్థనామందిరమున పాడెడి బాలుర బృందములో చేరి, బెర్నార్డ్ గేట్స్ అను ఉపాధ్యాయునివద్ద శిక్షణము పొందెను. అచట పిల్లలు ప్రతిదినము పాడుదురు. స్వరలిపిని చూచినంతనే తప్పు లేకుండ పాడుటకును, పలికిన ప్రతి మాట వినువారికి తెలియునట్లు పలుకుటకును అలవాటు పడుదురు. 1732లో గేట్స్‌గారు హాండెల్ అను మహాసంగీతకర్త రచించిన ఎస్తేరు కథను తన బాలురచేత పాడించినపుడు బియర్డ్ కూడ అందు పాల్గొనెను.

హాండెల్ 1685లో జర్మనీదేశమునందలి హాలె పట్టణమున జన్మించి, లండనులో స్థిరపడినవాడు. 1733లో ఆయన గాయకులలో పెక్కుమంది ఆయనను విడిచి, పోటీగా వెలసిన వేఱొక నాటకసంఘమున చేరిరి. 1734లో ఆయన కోవెంట్ గార్డెన్ నాటకశాలకు మారి క్రొత్తవారిని చేర్చుకొనవలసివచ్చెను. అప్పుడే కంఠము మారి ప్రార్థనామందిరమును విడిచిన బియర్డ్‌కు సుమారు పదునెనిమిదేండ్ల వయస్సు. రంగస్థలానుభవము లేని ఆ పిల్లవానిని హాండెల్ తీసికొనెను. 1735 జనవరి 8వ తేదీన అరియొదాంతె యను ఒపెరాలోను, ఏప్రిల్ 16వ తేదీన అల్చీనా యను ఒపెరాలోను బియర్డ్ పాడెను. అవి నాయకపాత్రలు కావు. అయినను ఒక సంవత్సరము తిరుగకముందే అతడు లండను ప్రజలకు తెలిసినవాడయ్యెను.

తరువాత కాలము అతనికి అనుకూలించెను. ఇటలీ భాషలోని ఒపెరాలకు లండనులో ఆదరము తగ్గసాగెను. హాండెల్ 1741లో తన చివరి ఒపెరాను ప్రదర్శించి, ఆపైన ఆరటోరియోలకే తన శక్తినంతయు వినియోగించెను. ఆరటోరియోలో వేషములుండవు, తెరలుండవు. బైబిలులోని పుణ్యకథను గాయకులు నిలుచుండి పాడుదురు. నడుమనడుమ పెద్ద బృందము పాడును. మన హరికథలో దాసుగారు వేషములు మార్చకయే కథలోని పాత్రలనన్నిటిని మన కన్నులయెదుట నిలుపుటలేదా? అట్లే ఇక్కడను మాటయు పాటయు మాత్రమే ఆధారము. పైగా అది ఇంగ్లీషు భాషలో నడచును. ఇటలీనుండి వచ్చినవారికి ఆ భాష నోరు తిరుగదు. స్పష్టమైన ఉచ్చారణము, శాస్త్రజ్ఞానము గల బియర్డ్‌కు ఇది తగిన స్థానమయ్యెను. ఆ కాలపు సంగీతచరిత్రకారుడైన చార్లెస్ బర్నీ, ఇతని కీర్తికి నడవడిని, సంగీతజ్ఞానమును, నటనయందలి బుద్ధిని కారణములుగా ఎంచెను. కంఠమాధుర్యమును అందు చేర్చలేదని గమనింపవలెను.

1743 ఫిబ్రవరి 18వ తేదీన సాంసన్ అను ఆరటోరియో ప్రదర్శింపబడెను. మహాబలవంతుడైన సాంసన్ శత్రువులచేత చిక్కి, కన్నులు పోగొట్టుకొని బందీయైన కథ యిది. దీనికి మూలము మిల్టను మహాకవి 1671లో ప్రకటించిన కావ్యము. ఆ కవియు అంధుడే. ఈ వీరుని పాత్రను హాండెల్ బియర్డ్‌కు ఇచ్చెను. ఆ వీరునకు అలంకరించిన కంఠము అక్కఱలేదు. పురుషుని సహజకంఠమున దుఃఖము పలుకవలెను. ఆపైన 1747లో జూడాస్ మకబేయస్, 1752లో జెఫ్తా యనువానిలోను నాయకపాత్రలు బియర్డ్‌కే లభించెను. హాండెల్ స్వయముగా నడపిన ప్రదర్శనములలో ఇతనివలె పెక్కు కృతులను పాడిన గాయకుడు మఱొకడు లేడు.

జెఫ్తా కథ పెద్దలకు మనస్సు కరగించునది. యుద్ధమున జయము కలిగినచో ఇంటికి మరలినపుడు మొదట ఎదురువచ్చినదానిని దేవునికి అర్పింతునని జెఫ్తా ప్రతిజ్ఞ చేయును. ఎదురువచ్చినది అతని యొక్కగానొక్క కూతురు. మాటను తప్పలేడు, బిడ్డను చంపలేడు. ఆ తండ్రి వేదనను టెనర్ కంఠమునకే హాండెల్ వ్రాసెను. 1751 ఫిబ్రవరిలో ఆ రచన నడుమ ఆయన ఎడమకంటి చూపు చెడి, కలము నిలుపవలసివచ్చెను. 1753 నాటికి చూపు పూర్తిగా పోయెను. విలియం కాక్స్ 1799లో ప్రకటించిన గ్రంథమున ఒక ముచ్చట కలదు. బియర్డ్ సాంసన్ యొక్క అంధత్వవిలాపమును పాడుచుండగా, ఆ పాటను రచించిన హాండెల్ చూపు లేక ప్రక్కనే కూర్చుండుట చూచి, సభలో పలువురు కన్నీరు విడిచిరట.

ఇంతటి గాయకుడైనను అతనికి కులీనులు సులభముగా తలయొగ్గలేదు. 1739లో అతడు వాల్డ్‌గ్రేవ్ ప్రభువు కుమార్తె, వితంతువునైన లేడీ హెన్రియెట్టాను వివాహమాడెను. ప్రభువు బిడ్డ పాటగానిని పెండ్లాడుటయా యని గొప్ప యిండ్లలో కలకలము రేగెను. అప్పటి ఉత్తరములలో దీనిని గుఱించి పరిహాసములు కనబడును. అయినను 1753లో ఆమె మరణించువఱకు వారిద్దఱును కలిసి జీవించిరి. అనాథశిశువులకొఱకు లండనులో నెలకొల్పబడిన ఫౌండ్లింగ్ హాస్పిటల్‌లో మెస్సయ్య యను ఆరటోరియోను ఏటేట పాడుచుండిరి. 1754 సంవత్సరపు లెక్కలలో ఇతర గాయకులకు వేతనములు వ్రాయబడియున్నవి. బియర్డ్ పేరునకెదుట వేతనము లేదు. నిందకు అతడిచ్చిన ప్రత్యుత్తరము ఇట్టిది.

1759లో అతడు కోవెంట్ గార్డెన్ అధిపతియైన జాన్ రిచ్ కుమార్తె షార్లొట్‌ను వివాహమాడెను. 1761లో మామగారు గతించిన పిమ్మట ఆ నాటకశాల నిర్వహణము ఇతనికి వచ్చెను. 1763లో ఆట సగమైన తరువాత వచ్చువారికి సగము వెలకే ప్రవేశమీయలేదని అల్లరిమూకలు నాటకశాలను ధ్వంసము చేయగా దానినిగూడ సహింపవలసివచ్చెను. అన్నిటికన్న పెద్ద కష్టము వేఱొకటి. అతనికి చెవుడు వచ్చెను. గాయకునకు కంఠమున్నను చెవి లేనిచో శ్రుతి నిలుచుట యెట్లు? 1767లో అతడు రంగస్థలమును విడిచెను. నాటకశాల హక్కులు 60,000 పౌనులకు విక్రయింపబడెను. మన త్యాగరాజస్వామి జన్మించిన సంవత్సరము అదియే. ఆపైన బియర్డ్ హాంప్టన్ గ్రామమున శాంతముగా జీవించి, 1791 ఫిబ్రవరి 5వ తేదీన దివంగతుడయ్యెను.

అతని కంఠమును మనము వినుటకు వీలులేదు. శబ్దమును ముద్రించు యంత్రము అప్పటికి పుట్టలేదు. కాని హాండెల్ అతనికొఱకు వ్రాసిన స్వరములు నిలిచియున్నవి. మెస్సయ్య తప్ప ఆయన కృతులు పెక్కు చాలకాలము మఱుగుపడియుండెను. 1920లో జర్మనీలోని గొట్టింగెన్ పట్టణమున ఆయన ఒపెరా నొకదానిని మఱల ప్రదర్శించినప్పటినుండి అవి క్రమముగా వెలికివచ్చుచున్నవి. నేటి యువకులైన టెనర్లు పలువురు బియర్డ్ నడచిన త్రోవనే నడచుచున్నారు. బాల్యమున చర్చి బృందములో పాడి, కంఠము మారిన పిమ్మట కేంబ్రిడ్జి, ఆక్స్‌ఫర్డు కళాశాలల ప్రార్థనామందిరములలో సాధన చేసి, ఆపైన సభలకు వత్తురు. నరపు తంతులుగల ప్రాతవాద్యములతో, నేటికన్న తగ్గించిన శ్రుతిలో పాడుదురు. ఈస్టరు పండుగకు ముందు వారమున బాక్ మహాశయుని కృతులలో క్రీస్తు కథను చెప్పువాని పాత్ర టెనర్‌దే. ఆ కథనమున ఒక్క మాట అస్పష్టమైనను కథ నిలువదు.

కావున మీ యింటి బాలుడు పాటయందు ఆసక్తి చూపినచో, కంఠము ఎంత మధురమని మాత్రమే విచారింపకుడు. మాట స్పష్టముగా పలుకుచున్నాడా, ప్రతిదినము సాధనకు కూర్చుండుచున్నాడా, శాస్త్రము నేర్చుకొనుటకు ఓర్పు కలదా యని చూడుడు. ఆ మూడును ఉన్నచో మంచి గురువునొద్ద చేర్పుడు. గౌరవము అతని నడవడినిబట్టి దానంతట అదియే వచ్చును.