ఈస్టు సహనశక్తి: జన్యువుల్లో ఎంత, పోషణలో ఎంత?

వరిగడ్డి నుండి ఇథనాల్ తయారీ ప్రయోగశాలను దాటి కర్మాగారానికి చేరింది. రోజుకు లక్ష లీటర్ల సామర్థ్యం గల ఇటువంటి కర్మాగారం హర్యానాలోని పానిపట్‌లో 2022 ఆగస్టులో ప్రారంభమైంది. గడ్డిలోని సెల్యులోజును చక్కెరగా మార్చడానికి ముందు దానిని సాధారణంగా ఆమ్లంతోను, అధిక వేడితోను శుద్ధి చేస్తారు. ఈ దశలో ఫర్‌ఫ్యూరాల్, ఎసిటిక్ ఆమ్లం వంటి విషపదార్థాలు వెలువడతాయి. చక్కెరను పులియబెట్టవలసిన ఈస్టు వీటితోపాటు తొట్టిలోని వేడిని, తాను తయారుచేసిన ఇథనాల్‌ను కూడా తట్టుకోవాలి. తట్టుకోలేకపోతే చక్కెర అలాగే మిగిలి, దిగుబడి పడిపోతుంది.

కణంలోని రక్షణ ఏర్పాట్లు

శాఖరోమైసిస్ సెరివిసియే అనే ఈస్టులో సుమారు 6,000 జన్యువులున్నాయి. వేడి, ఉప్పు, ఆక్సీకరణం వంటి భిన్న ఒత్తిళ్లలోనూ సుమారు 900 జన్యువులు దాదాపు ఒకే తీరులో స్పందిస్తాయని 2000లో వెలువడిన పరిశోధన తెలిపింది. వీటిలో సుమారు 600 మందగిస్తాయి. ఇవి ప్రధానంగా పెరుగుదలకు సంబంధించినవి. మిగిలిన 300 చురుకుగా పనిచేస్తాయి. అనగా సహనానికి కణం పెరుగుదలను మూల్యంగా చెల్లిస్తుంది.

రక్షణ జన్యువులలో అనేకాన్ని ఎంఎస్ఎన్2, ఎంఎస్ఎన్4 అనే ప్రోటీన్లు కేంద్రకంలోకి ప్రవేశించి మేల్కొల్పుతాయి. అప్పుడు పేరుకొనే ట్రెహలోజ్ అనే చక్కెర ప్రోటీన్లను, కణత్వచాన్ని కాపాడుతుంది. హెచ్‌ఎస్‌పి104 అనే ప్రోటీన్ ముద్దకట్టిన ప్రోటీన్లను విడదీస్తుంది. ఉప్పు ఎక్కువైనప్పుడు కణం గ్లిసరాల్‌ను కూడబెట్టి నీటిని నిలుపుకొంటుంది. ఫర్‌ఫ్యూరాల్‌ను తక్కువ హానికరమైన ఫర్‌ఫ్యూరైల్ ఆల్కహాల్‌గా మారుస్తుంది.

ముందుగా అలవాటు చేయడం

37 డిగ్రీల సెల్సియస్ వద్ద కొద్దిసేపు ఉంచిన కణాలు, ఆ తరువాత 50 డిగ్రీల వేడిని అలవాటు లేని కణాలకంటే ఎంతో మెరుగుగా తట్టుకొంటాయి. నాటే ముందు నీరు తగ్గించి నారును గట్టిపరచే పద్ధతి ఇక్కడ గుర్తుకు రాక మానదు. జన్యువులు అవే అయినా, గత అనుభవాన్ని బట్టి సహనశక్తి మారుతుంది.

పొటాషియం పాత్ర

ఇథనాల్ కణత్వచాన్ని బలహీనపరచి, దానికి ఇరువైపులా ఉండవలసిన పొటాషియం, హైడ్రోజన్ అయాన్ల తేడాను చెరిపివేస్తుంది. ద్రావణంలో పొటాషియం పెంచి, ఆమ్లత్వం తగ్గిస్తే ఈస్టు ఎక్కువ ఇథనాల్‌ను తట్టుకొంటుందని, ఉత్పత్తి సుమారు 80 శాతం పెరుగుతుందని అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ శాస్త్రవేత్తలు 2014లో నిరూపించారు. అందుకు వాడిన పొటాషియం క్లోరైడ్, రైతులకు మ్యూరేట్ ఆఫ్ పొటాష్‌గా పరిచితమైనదే.

అయితే ఈ ఫలితాన్ని వరిగడ్డికి యథాతథంగా వర్తింపజేయరాదు. వరిగడ్డిలోనే సాధారణంగా 1.2 నుండి 1.7 శాతం పొటాషియం ఉంటుంది. అందులో ఎంత భాగం ద్రావణంలోకి చేరిందో, కడిగినప్పుడు ఎంత పోయిందో కొలిచిన తరువాతే అదనంగా వేయాలా అన్నది నిర్ణయించాలి. భూసార పరీక్ష లేకుండా ఎరువు మోతాదు సూచించరాదన్న నియమం ఇక్కడా వర్తిస్తుంది.

కాబట్టి ఈస్టు రకాలను పోల్చే విద్యార్థులు ఏ రకం బ్రతికిందో నమోదు చేస్తే సరిపోదు. ద్రావణపు ఉదజని సూచిక, పొటాషియం పరిమాణం, కణాలను ముందుగా పెంచిన ఉష్ణోగ్రత కూడా నమోదు చేయాలి. ఇవి లేనిదే, కనిపించిన సహనశక్తి రకానిదో, దానికి అందిన పోషణదో తేల్చలేము.