బస్రా నగరపు భక్తురాలు రాబియా

మనము నోము పట్టినను, వ్రతము చేసినను, కథ ముగిసి అక్షతలు శిరమునఁ దాల్చునపుడు ఏదియో యొకటి కోరుకొనక లేవము. ఐదవతనము, సంతానము, బిడ్డల యారోగ్యము, ఇట్లు మన కోరికలకు మేర లేదు. కోరిక లేని పూజయే పూజయని బోధించిన యొక స్త్రీ చరిత్రమును నేఁడు మేము విన్నవించుచున్నాము. ఆమెది ఇరాకు దేశమందలి బస్రా పట్టణము.

క్రీ. శ. 717 ప్రాంతమున ఒక నిరుపేద యింట ఆమె పుట్టెనందురు. అరబ్బీ భాషలో రాబియా యనఁగా నాలుగవది. ముగ్గురాఁడుబిడ్డల పిమ్మటఁ బుట్టుటచే ఆ పేరు వచ్చెనఁట. తల్లిదండ్రులు గతించిరి. కఱవు వచ్చెను. తోఁబుట్టువులు చెదరిపోయిరి. ఒకఁడు ఆమెను పట్టి కొలఁది వెలకు దాసిగా అమ్మెను. పగలెల్ల ఊడిగము, రాత్రియెల్ల దైవప్రార్థనము. ఒకనాఁటి నడిరేయి ఆమె ప్రార్థనమును కన్నులారఁ జూచిన యజమానుఁడు విస్మితుఁడై ఆమెకు స్వేచ్ఛ నొసఁగెనఁట.

ఈ కథను పారసీక కవి అత్తారు ఆమె మరణించిన నాలుగువందల యేండ్లకు వ్రాసెను. కావున ఇందు చరిత్రమెంతయో, భక్తుల కల్పన యెంతయో విడఁదీయుట కష్టము. ప్రసిద్ధ సాధువు హసను ఆమెను పెండ్లాడఁ గోరెనను కథ మాత్రము నమ్మరానిది. ఆయన 728లోనే గతించెను. అప్పటికి రాబియా పదేండ్ల ప్రాంతపు బాలిక. ఆమె పెండ్లి చేసికొనక, పేదఱికముననే జీవించి, 801లో దేహము చాలించెనందురు.

ఆమె గ్రంథమేదియు మిగుల్పలేదు. ఆమెవని చెప్పు పద్యములను, సూక్తులను తరువాతివారు పదిలపఱచిరి. వానిలో రెండు ప్రేమలను గూర్చిన చిన్న పద్యమును 1111లో గతించిన గజ్జాలీ పండితుఁడు తన గ్రంథమున వ్యాఖ్యానించెను. ఆమె ఒక చేత నిప్పును, ఒక చేత నీటిని గొని వీథిని పోయెనని ఐతిహ్యము. స్వర్గమును కాల్చి, నరకాగ్నిని ఆర్పినచో, ఆశయు భయమును లేక జనులు దేవుని దేవునికై ప్రేమింతురని ఆమె తలంపు.

దెబ్బకు జడిసి చేయు పని యెట్టిదో దాసిగా నుండిన యామె యెఱుఁగును. కావుననే దేవుని కడనైనను భయముచేఁ గొలుచుటకు ఒల్లదయ్యెనేమో యని మాకుఁ దోఁచును.

భాగవతము చదువుకొన్నవారికి నిర్హేతుకభక్తి క్రొత్త మాట గాదు, ఆచరణమే దుర్లభము. మొన్నటి వ్రతమునాఁడు ఏమియుఁ గోరక అక్షతలు దాల్చఁ జూచితిమి. సాధ్యపడలేదు, జ్వరముతో పండుకొన్న మా చిన్నవాఁడు జ్ఞప్తికి వచ్చెను. వాని మేలు వేఁడుకొంటిమి. అందుకు మేము సిగ్గుపడుట లేదు. కాని వేఁడిన పిమ్మట మఱికొంతసేపు ఊరక చేతులు జోడించి కూర్చుంటిమి. ఆ కొంతసేపు రాబియా చలువయే.