కండువ మారితె కుర్చీ ఎందుకు పోదు?

మా అవ్వ మామిడికాయ తొక్కు జాడికి వాసెన కట్టింది. కట్టిన బట్ట ఒక పార్టీ కండువ. నిమ్మకాయ తొక్కుకు ఇంకో పార్టీది, చింతకాయ తొక్కుకు మూడోది. "గుర్తు కనవడకుంట లోపలికి మలిచి కట్టరాదే" అన్న. "గాలి సొరకుంటె సాలు బిడ్డా, తొక్కుకు గుర్తెందుకు?" అన్నది.

ఎలక్షన్లు దగ్గరవడితె సిరిసిల్ల మరమగ్గాల మీద అన్ని పార్టీల జెండలకు, కండువలకు పాలిస్టర్ బట్ట తయారైతది. బట్ట ఒక్కటే, అద్దే రంగు వేరు. గందుకేనేమో, మన లీడర్లకు ఒకటి తీసి ఇంకోటి ఏసుకునుడు పెద్ద బరువనిపించదు.

చాయ్ హోటల్ కాడ నన్ను తరుచు అడిగే ప్రశ్న ఒకటున్నది. "అన్నా, పార్టీ మారితె పదవి పోతదని చట్టమున్నదంటరు గద, మరి ఎవ్వలిదీ పోతలేదేంది?" నేను వకీలు సదువు సదువలే. గని ఆ చట్టం తెచ్చుకోని రెండు మూడు సార్లు సదివిన. అర్థమైనకాడికి చెప్త.

1967ల హర్యానాల గయాలాల్ అనే ఎమ్మెల్యే ఇండిపెండెంటుగ గెలిచి, రెండు వారాలల్ల మూడు సార్లు పార్టీ మార్చిండు. 'ఆయారామ్ గయారామ్' అనే మాట ఆయన పుణ్యమే. పద్దెనిమిదేండ్లు సూసి సూసి 1985ల, రాజీవ్ గాంధీ ప్రధానిగ ఉన్నప్పుడు, 52వ సవరణతోని రాజ్యాంగంల పదో షెడ్యూలు పెట్టిన్రు. గెలిచిన పార్టీని తనంతట తాను ఇడిచిపెడితె సభ్యత్వం పోతది. విప్‌కు ఎదురు ఓటేస్తె పోతది, పార్టీ పదిహేను దినాలల్ల మాఫీ చేస్తె తప్ప. ఇండిపెండెంటుగ గెలిచినోడు ఏ పార్టీల చేరినా పోతది. రాజీనామ కాయితం ఇయ్యకున్నా, మనిషి నడత సూసి పార్టీ ఇడిచిండని అనుకోవచ్చని సుప్రీంకోర్టు 1994ల రవి నాయక్ కేసుల చెప్పింది.

ఇంతవరకు మంచిగనే ఉన్నది. తిరకాసు ఇంకోకాడున్నది.

మొదట్ల మూడింట ఒక వంతు మంది చీలిపోతె తప్పు కాదన్నరు. 2003ల 91వ సవరణతోని ఆ దారి మూసిన్రు. గని మూడింట రెండొంతుల మంది 'విలీనం' అంటె ఇప్పటికీ తప్పు కాదు. మందలకెల్లి ఒక్క మేకను తోల్కవోయినోడు దొంగ, ముప్పావు మంద తోల్కవోయినోడు యాపారి అన్నట్టు. అదే సవరణల మంత్రులు సభల 15 శాతం దాటొద్దన్నరు. మన 119 సీట్లకు ముఖ్యమంత్రితోని కలిపి 18. మంత్రి పదవి ఆశ వెట్టి గుంజుడు తగ్గుతదనుకున్నరు. కార్పొరేషన్ చైర్మన్ కుర్చీలకు మాత్రం ఆ లెక్క లేదు.

మన దగ్గర ఏమైందంటె, 2014ల టీడీపీ 15 సీట్లు గెలిచింది, 2016 కల్లా 12 మంది టీఆర్ఎస్‌ల విలీనం. 2019 జూన్‌ల కాంగ్రెస్‌ల మిగిలిన 18 మందిల 12 మంది విలీనం. తరాజుల పెట్టినట్టు సరిగ్గ రెండొంతులు. అయితే మార్చిల మొదలు వోయినోల్లు పన్నెండో మనిషి వచ్చేదాక మూడు నెల్లు ఏ పార్టీల ఉన్నట్టు? నాకైతె ఇప్పటికీ సమజ్ కాలే.

2024ల బండి ఎనుకకు తిరిగింది. 39 సీట్లు గెలిచిన బీఆర్ఎస్‌కెల్లి 10 మంది కాంగ్రెస్ దిక్కు నడిచిన్రు. విలీనానికి 26 కావాలె, లేరు. దానం నాగేందర్ అయితె ఖైరతాబాద్ బీఆర్ఎస్ ఎమ్మెల్యేగ ఉంటనే సికింద్రాబాద్ ఎంపీకి కాంగ్రెస్ చెయ్యి గుర్తు మీద పోటీ చేసిండు. అప్పుడు తీసుకున్నోల్లు ఇప్పుడు ప్రజాస్వామ్యం ఖూనీ అన్నరు. అప్పుడు ఖూనీ అన్నోల్లు ఇప్పుడు నియోజకవర్గం అభివృద్ధి అన్నరు. ప్రెస్‌మీట్ కాయితాలు బదలాయించుకున్నరంతే. ఆంధ్రల గూడ గంతే. 2014 తర్వాత వైసీపీకెల్లి 23 మందిని టీడీపీ తీసుకున్నది, అండ్ల నలుగురు మంత్రులైన్రు. 2019ల టీడీపీకి వచ్చిన సీట్లు 23. నేను జాతకాలు నమ్మ, గని ఆ అంకె సూసి నవ్విన.

ఇగ తీర్పు ఎవ్వలు చెప్పాలె? స్పీకర్. ఆయన ఎక్కువమట్టుకు అధికార పార్టీ టికెట్ మీద గెలిచినోడే. స్పీకరైనంక పార్టీకి రాజీనామ చేస్తె తప్పుకాదని పదో షెడ్యూలుల్నే రాసున్నది. ఆ చట్టం రాకముందే, గయాలాల్ గంతులేసిన 1967ల్నే, మన నీలం సంజీవరెడ్డి లోక్‌సభ స్పీకర్ కాంగనే కాంగ్రెస్‌కు రాజీనామ చేసిండు. అసొంటోల్లు ఎంతమంది?

స్పీకర్ తీర్పును కోర్టు పరిశీలించొచ్చని 1992ల సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పే రాకుంటె దేన్ని పరిశీలిస్తది? గందుకే ఏ పార్టీ ఉన్నా మెల్లగనే నడుస్తది. ఐదేండ్లు గడిస్తె కేసుకు అదే తీర్పు. మణిపూర్ కేసుల 2020ల మూడు నెలల గడువు చెప్పిన్రు. మల్ల 2025 జులై 31న మన పదిమంది మీద మూడు నెలలల్ల తేల్చమని తెలంగాణ స్పీకర్‌కే చెప్పవలసి వచ్చింది.

నాకు అన్నిటికన్న మండేది విప్ ముచ్చట. పార్టీల ఉండుకుంటనే "ఈ బిల్లు మా రైతులకు నష్టం" అని ఎదురు ఓటేసిన ఎమ్మెల్యేకు కుర్చీ పోవచ్చు. పక్క పార్టీ మీటింగుల దండ ఏయించుకోని, అసెంబ్లీల సప్పుడు చెయ్యకుంట కూసున్నోనికి ఏం కాదు. నోరున్నోన్ని కట్టేసి, కాళ్లున్నోన్ని ఇడిచిపెట్టినట్టున్నది.

ఇది హైదరాబాద్ ముచ్చట గదా, మనకేంది అనుకుంటరు. మా వాడకట్టుల ఇద్దరు అన్నదమ్ముల బిడ్డలున్నరు. 2018 ఎలక్షన్లప్పుడు చెరో జెండ పట్టుకోని కొట్లాడిన్రు, ఒకాయన చెయ్యి ఇరిగింది, ఇద్దరి మీద కేసైంది. వాయిదలకు ఒక్క బస్సుల్నే వోతరు, మాట్లాడుకోరు. ఆల్ల లీడర్లిద్దరు ఇప్పుడు ఒక్క ఫ్లెక్సీల పక్కపక్కకే ఉన్నరు. ఆ ఫ్లెక్సీ అడుగున ఈ ఇద్దరి ఫొటోలు గూడ ఉన్నయ్, చెరో మూలకు. మొన్న పెద్దాయన బిడ్డ పెండ్లైంది. చిన్నాయనకు పత్రిక ఈయలే. లీడర్లిద్దరు వచ్చిన్రు, ఒక్క కార్లనే.